ఒక్క రోజు తేడా... మీ వయసు లెక్క కట్టేది ఎవరు?

గత ఏడాది జూన్‌లో ఒక సాయంత్రం. గుండ్లపోచంపల్లి ఎంఎంటీఎస్ స్టేషన్ దగ్గర చాయ్ తాగుతున్నాం. నాతోపాటు ఇంజినీరింగ్‌లో నా జూనియర్. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ల సీజీఎల్-2025 నోటిఫికేషన్ అప్పుడే వచ్చింది, దరఖాస్తుకు జులై 4 దాకా గడువు. తను ఫోన్ నా ముందు పెట్టి అడిగాడు.

‘‘ఏందన్నా ఇది? ఒక్కో సైట్ ఒక్కో తీరు చెప్తాంది. నాకు ఇరవై ఆరా, ఇరవై ఏడా?’’

తన పుట్టిన తేదీ 1998 ఆగస్టు 2. వయసు లెక్కించాల్సిన కటాఫ్ తేదీ 2025 ఆగస్టు 1. తనకు ఆశ ఉన్న ఆడిటర్, అకౌంటెంట్ లాంటి పోస్టులకు వయసు 18-27 మధ్య ఉండాలి. రిజర్వేషన్ సడలింపు తనకు లేదు. ఒక ఏజ్ క్యాలిక్యులేటర్‌లో 26 ఏళ్ల 11 నెలల 30 రోజులని వచ్చింది. ఇంకోదాంట్లో సరిగ్గా 27 ఏళ్లని వచ్చింది. రెండోది చూశాక ‘ఈసారికి ఆ పోస్టులు పోయినట్టే’ అని మనసులో అనేసుకున్నాడు.

మీలో చాలామంది ఈ స్థితిలో ఉండే ఉంటారు. కంప్యూటర్ చెప్పింది కదా అని నమ్మేస్తాం. నిజానికి ఆ రెండు సైట్లలో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని కాదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పాయి. ఈ వారం మన చర్చ దాని గురించే. మీరు సర్కారు కొలువుకు తయారవుతున్నా, సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకు తయారవుతున్నా ఇది మీకు పనికొచ్చే విషయమే.

ఒకే మనిషి, నాలుగు లెక్కలు

ముందు ఆ 27 ఎలా వచ్చిందో చూద్దాం.

మొదటి లెక్క: రెండు తేదీల మధ్య రోజులు లెక్కపెట్టి 365తో భాగించడం. 1998 ఆగస్టు 2 నుంచి 2025 ఆగస్టు 1 వరకు 9,861 రోజులు. 365తో భాగిస్తే 27.01. అంటే 27. కాలేజీ ల్యాబ్‌లో మనలో చాలామంది రాసే కోడ్ ఇదే. మధ్యలో వచ్చిన ఏడు లీపు సంవత్సరాలను ఇది మర్చిపోతుంది. అందుకే పుట్టినరోజుకు ఏడు రోజుల ముందే, అంటే జులై 26నే మిమ్మల్ని 27 ఏళ్ల మనిషిని చేసేస్తుంది.

రెండో లెక్క: ‘సరే, 365.25తో భాగిద్దాం’ అనే తెలివి. మా వాడి విషయంలో 26.99 వచ్చి, 26 అని సరిగానే చెబుతుంది. కానీ 2005 మార్చి 1న పుట్టిన అమ్మాయిని తీసుకోండి. 2023 మార్చి 1న ఆమెకు 18 నిండాయి. రోజులు లెక్కపెడితే 6,574. దాన్ని 365.25తో భాగిస్తే 17.998. పద్దెనిమిదో పుట్టినరోజు నాడు కేక్ కోసిన అమ్మాయిని ఫారం ‘మీకు ఇంకా 17 ఏళ్లే’ అని వెనక్కి పంపుతుంది!

మూడో లెక్క: సంవత్సరాలను తీసివేసి, ఈ ఏడాది పుట్టినరోజు ఇంకా రాకపోతే ఒకటి తగ్గించడం. ఇంట్లో అమ్మ వేసే లెక్క ఇదే. పైథాన్‌లో నెల, తేదీ జంటలను పోల్చి ఒక్క లైన్‌లో రాయొచ్చు. జావాలో ‘పీరియడ్’ క్లాస్ చేసేది కూడా ఇదే. దీని ప్రకారం మా వాడికి 26.

నాలుగో లెక్క: పుట్టిన రోజునూ, కటాఫ్ రోజునూ రెండింటినీ కలిపి లెక్కపెట్టడం. రెండో సైట్ చేసింది ఇదే. దీని ప్రకారం ఆగస్టు 1 రాత్రికి 27 ఏళ్లు నిండిపోయాయి.

‘ఈ నాలుగోది కాకి లెక్క కదా’ అనుకుంటున్నారా? ఆగండి. దాని వెనక సుప్రీంకోర్టు ఉంది.

జనవరి 2న పుట్టినవాడి కేసు

1986లో సుప్రీంకోర్టు ముందుకు ‘ప్రభు దయాల్ సెస్మా వర్సెస్ రాజస్థాన్ రాష్ట్రం’ అనే కేసు వచ్చింది. రాజస్థాన్ రాష్ట్ర సర్వీసుల పోటీ పరీక్షకు సంబంధించిన వ్యవహారం. నిబంధన ఏమిటంటే, 1984 జనవరి 1 నాటికి అభ్యర్థికి 28 ఏళ్లు నిండకూడదు. ఆయన పుట్టింది 1956 జనవరి 2న. మన మామూలు లెక్కలో జనవరి 1న ఆయనకు ఇంకా 27 ఏళ్లే. తెల్లారితే కదా 28!

కోర్టు అలా చూడలేదు. పుట్టిన రోజును పూర్తి రోజుగా లెక్కలోకి తీసుకోవాలంది. జనవరి 2న మొదలైన మొదటి ఏడాది, తర్వాతి జనవరి 1 అర్ధరాత్రితో పూర్తవుతుంది. అలాగే 28వ ఏడాది కూడా 1984 జనవరి 1తో పూర్తయింది. కాబట్టి ఆ రోజుకి 28 నిండినట్టే, అర్హత లేనట్టే. ఒక్క రోజు తేడాతో ఒక ఉద్యోగం పోయింది.

ఇదే లెక్క ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్‌లోనూ కనిపిస్తుంది. కేంద్ర ఉద్యోగులు సాధారణంగా 60 ఏళ్లు నిండిన నెల చివరి రోజున దిగిపోతారు. కానీ నెల ఒకటో తేదీన పుట్టినవాళ్లు మాత్రం అంతకు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలి. ఏప్రిల్ 1న పుట్టినవారు మార్చి 31న. ఎందుకంటే వారి 60వ ఏడాది మార్చి 31తోనే పూర్తయిపోతుంది.

మరి ఇదొక్కటే రూలా అంటే, అదీ కాదు. 1875 నాటి మెజారిటీ చట్టంలో ఇప్పుడున్న సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదో పుట్టినరోజు మొదలైన క్షణంలో మనిషి మేజర్ అవుతాడు. ముందు రోజు కాదు. అంటే మన చట్టాల్లోనే ఒక్క రోజు తేడాతో రెండు పద్ధతులున్నాయి. ఇక మీ లైబ్రరీకి ఏ పద్ధతి కావాలో ఎలా తెలుస్తుంది? తెలియదు. దానికి తెలిసింది క్యాలెండర్ మాత్రమే. చట్టం తెలియదు.

అందుకే ఎస్ఎస్‌సీ ఒక తెలివైన పని చేస్తుంది. వయసు చెప్పి ఊరుకోకుండా పుట్టిన తేదీల హద్దులు కూడా ఇచ్చేస్తుంది. సీజీఎల్-2025లో 18-27 ఏళ్ల పోస్టులకు రాసిన మాట ఇది: అభ్యర్థి 1998 ఆగస్టు 2 కంటే ముందు, 2007 ఆగస్టు 1 తర్వాత పుట్టి ఉండకూడదు. మా వాడు సరిగ్గా ఆ గీత మీద ఉన్నాడు. కానీ గీతకు లోపలి వైపే! లెక్క వేసే పనే లేదు. రెండు తేదీలను పక్కపక్కన పెట్టి పోల్చుకుంటే చాలు.

నోటిఫికేషన్‌లో ఆ లైన్ చూపించాను. చాయ్ గ్లాసు పక్కన పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు.

జనవరి 31న హాస్టల్లో చేరితే...

వయసు సంగతి అలా ఉంచండి. ‘నెల’ ఇంకా తికమక పెడుతుంది.

మైసమ్మగూడ, కండ్లకోయ వైపు చదువుకునేవాళ్లకు హాస్టళ్ల సంగతి తెలిసిందే. చేరిన తేదీ నుంచి నెల లెక్క. జనవరి 31న చేరారనుకోండి. తర్వాతి ఫీజు ఎప్పుడు కట్టాలి? ఫిబ్రవరి 31 లేదు. ఓనర్ అంకుల్ ‘28నే కట్టు’ అంటాడు. మీరు ‘మార్చి 1 దాకా ఆగండి అంకుల్’ అంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

ప్రోగ్రామింగ్ భాషల్లోనూ సరిగ్గా ఇదే పంచాయితీ. 2025 జనవరి 31కి ఒక నెల కలపమంటే ఎవరేం చేస్తారో చూడండి.

• జావాస్క్రిప్ట్ పాత ‘డేట్’, పీహెచ్‌పీ, గో భాషలు: ఫిబ్రవరిలో 28 రోజులే కాబట్టి మిగిలిన మూడు రోజులు మార్చిలోకి పొర్లిస్తాయి. జవాబు మార్చి 3.

• జావాలోని ‘జావా టైమ్’: ఆ నెలలో ఉన్న ఆఖరి తేదీకి కుదిస్తుంది. జవాబు ఫిబ్రవరి 28.

• పైథాన్: దాని స్టాండర్డ్ లైబ్రరీలోని ‘టైమ్‌డెల్టా’లో వారాలు, రోజులు, గంటలు ఉంటాయి కానీ నెల, సంవత్సరం అనేవే ఉండవు. నెల అంటే ఎన్ని రోజులో ఎవరూ తేల్చి చెప్పలేరు కాబట్టి ఆ బాధ్యత తీసుకోలేదు. నెల అంకెను మీరే మార్చబోతే ‘అలాంటి తేదీ లేదు’ అని ఎర్రర్ ఇస్తుంది.

• ఒరాకిల్ డేటాబేస్‌లో నెలలు కలిపే ఫంక్షన్: దీనిది ఇంకో తీరు. మీరిచ్చింది నెలాఖరు తేదీ అయితే జవాబు కూడా నెలాఖరే. ఫిబ్రవరి 28కి ఒక నెల కలిపితే మార్చి 28 కాదు, మార్చి 31 ఇస్తుంది.

పొర్లించడం, కుదించడం, ఒప్పుకోకపోవడం, నెలాఖరును పట్టుకోవడం. ఈ నాలుగూ తప్పులు కావు. నాలుగు పాలసీలు. మీ పనికి ఏది కావాలో తేల్చాల్సింది మీరు.

నా మొదటి ఉద్యోగంలో ఈ పాఠం గట్టిగానే నేర్చుకున్నాను. నెలనెలా చందా వసూలు చేసే ఒక ఆప్‌లో బిల్లింగ్ భాగం నాకిచ్చారు. ‘పోయిన బిల్లు తేదీకి ఒక నెల కలుపు’ అని రాశాను. టెస్టులన్నీ పాసయ్యాయి. జనవరి 31న చేరిన కస్టమర్‌కు ఫిబ్రవరి 28న బిల్లు వెళ్లింది, బాగానే ఉంది. మార్చిలో 28నే వెళ్లింది. ఏప్రిల్లోనూ 28నే. జీతం నెలాఖరుకు పడే మనిషి, మూడు రోజుల ముందే డబ్బు కట్ అవుతోందని ఫోన్ చేసేదాకా మాకెవరికీ తెలియలేదు. ఒకసారి కుదిస్తే 31 అనే సంగతే పోయింది, మళ్లీ వెనక్కి రాలేదు. పోయిన బిల్లుకు కాదు, మొట్టమొదటి తేదీకి రెండు నెలలు, మూడు నెలలు అని కలుపుతూ పోవాలి. మార్చింది ఒక్క లైనే. కానీ ఆ వారమంతా నా మొహం చూడాలి.

ఫిబ్రవరి 29, తెల్లవారుజామున 5.30

‘ఇవన్నీ ఫ్రెషర్లు చేసే తప్పులు’ అనుకోకండి. ప్రపంచంలోని అతిపెద్ద కంపెనీల్లో ఒకటి కూడా ఇదే గుంటలో పడింది.

2012 ఫిబ్రవరి 29. మన టైమ్ ప్రకారం పొద్దున 5.30. అంతర్జాతీయ కాలమానం ప్రకారం అర్ధరాత్రి దాటి తేదీ మారిన క్షణం. మైక్రోసాఫ్ట్ అజూర్ క్లౌడ్‌లో కొత్తగా మొదలవుతున్న సర్వర్లు ఒకదాని తర్వాత ఒకటి మొరాయించాయి. ప్రతి వర్చువల్ మెషీన్ మొదలయ్యేటప్పుడు తనకోసం ఏడాది చెల్లే ఒక సర్టిఫికెట్ తయారు చేసుకుంటుంది. గడువు తేదీని ఎలా లెక్కించారంటే, ఈ రోజు తేదీలో సంవత్సరం అంకెకు ఒకటి కలిపారు. అంతే. జవాబు: 2013 ఫిబ్రవరి 29. లేని తేదీ! సర్టిఫికెట్ తయారు కాలేదు.

అక్కడితో ఆగలేదు. పైనున్న వ్యవస్థ 25 నిమిషాలు ఎదురుచూసి మళ్లీ మొదలుపెట్టింది. మూడుసార్లూ అంతే. దాంతో ‘ఈ మెషీన్ హార్డ్‌వేరే చెడిపోయింది’ అని తేల్చి, దాని మీదున్న పనిని వేరే మెషీన్‌కు పంపింది. అక్కడా అదే కథ. అంటే జబ్బు లేని మెషీన్లకు కూడా అంటించుకుంటూ పోయింది. తొందరలో తయారుచేసిన మరమ్మతు, ఏడు క్లస్టర్లలో నెట్‌వర్క్‌ను పడగొట్టింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

అప్పట్లో అజూర్ ఉన్న సర్వర్ అండ్ టూల్స్ విభాగానికి అధిపతి మన హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేట పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల. రెండేళ్లకు, 2014 ఫిబ్రవరిలో ఆయన కంపెనీ సీఈవో అయ్యారు. ఆ బగ్‌ను కంపెనీ దాచిపెట్టలేదు. ఏ లైన్ ఎందుకు విరిగిందో, తాము ఏ తప్పుల మీద ఏ తప్పులు చేశామో నిమిషాలతో సహా బహిరంగంగా రాసింది. ఆ సర్వీసుల కస్టమర్లకు ఆ నెల బిల్లులో 33 శాతం వెనక్కిచ్చింది. ఇంటర్వ్యూలో ‘మీరు చేసిన పెద్ద తప్పు ఏమిటి?’ అని అడిగినప్పుడు జవాబు ఎలా ఉండాలో దీన్ని చూసి నేర్చుకోవచ్చు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరక్కుండా ఏం చేశాం. సాకులు లేవు.

పన్నెండేళ్ల తర్వాత, 2024 ఫిబ్రవరి 29న న్యూజిలాండ్‌లో కార్డు పెట్టి సొంతంగా పెట్రోలు కొట్టించుకునే పంపులు ఆగిపోయాయి. కారణం అదే, లీపు రోజు. నాలుగేళ్లకోసారి వచ్చే పరీక్షలో ప్రతిసారీ ఎవరో ఒకరు ఫెయిలవుతూనే ఉన్నారు. తర్వాతిది 2028లో. అప్పటికి మీలో చాలామంది కోడ్ ప్రొడక్షన్‌లో ఉంటుంది.

ఇప్పుడేం మారుతోంది?

1995లో జావాస్క్రిప్ట్‌ను పది రోజుల్లో తయారుచేశారని మీరు వినే ఉంటారు. ఆ హడావుడిలో తేదీల భాగాన్ని అప్పటి జావా నుంచి దాదాపు ఉన్నదున్నట్టు తెచ్చుకున్నారు. జనవరిని సున్నాగా, డిసెంబరును 11గా లెక్కపెట్టడం అక్కడి నుంచి వచ్చిందే. చిత్రం ఏమిటంటే, జావా ఆ పాత పద్ధతుల్లో చాలావాటిని 1997లోనే ‘ఇక వాడొద్దు’ అనేసింది. 2014 మార్చిలో జావా 8తో పూర్తిగా కొత్త లైబ్రరీ తెచ్చుకుంది. జావాస్క్రిప్ట్ మాత్రం అన్న విడిచేసిన చొక్కాను తమ్ముడు మూడు దశాబ్దాలు తొడుక్కున్నట్టు, దాంతోనే నెట్టుకొచ్చింది.

ఇప్పుడు ‘టెంపోరల్’ పేరుతో కొత్త చొక్కా వచ్చింది. 2025 మేలో ఫైర్‌ఫాక్స్ 139లో, 2026 జనవరిలో క్రోమ్ 144లో చేరింది. ఇందులో జనవరి అంటే 1. ఉత్త తేదీకి ఒక రకం, టైమ్ జోన్‌తో కూడిన సమయానికి ఇంకో రకం. జనవరి 31కి నెల కలిపితే మామూలుగా ఫిబ్రవరి 28 ఇస్తుంది. ‘అలా కుదించొద్దు, లేని తేదీ వస్తే ఒప్పుకోకు’ అని చెప్తే ఎర్రర్ ఇస్తుంది. అంటే పాలసీ ఏదో మీ చేతే చెప్పిస్తుంది. అన్ని బ్రౌజర్లలో ఉందనుకోకండి, మీ యూజర్లు వాడేదాంట్లో ఉందో లేదో చూసుకుని వాడండి.

పైథాన్‌లోనూ చిన్న మార్పు జరిగింది. సంవత్సరం ఇవ్వకుండా ‘ఫిబ్రవరి 29’ అని మాత్రమే చదివించబోతే అది లోపల 1900 సంవత్సరాన్ని ఊహించుకుంటుంది. 1900 లీపు సంవత్సరం కాదు. 100తో భాగింపబడినా, 400తో భాగింపబడదు కాబట్టి. దాంతో అలాంటి కోడ్ నాలుగేళ్లకోసారి కూలిపోయేది. 2024లో వచ్చిన 3.13 వెర్షన్ నుంచి, సంవత్సరం లేకుండా రోజును చదివించే కోడ్ రాస్తే ముందే హెచ్చరిస్తోంది.

మన దేశంలో పనిచేసేవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన బగ్ ఒకటుంది. మన టైమ్ అంతర్జాతీయ కాలమానం కంటే ఐదున్నర గంటలు ముందు. జావాస్క్రిప్ట్ పాత డేట్‌లో 1998 ఆగస్టు 2 అని ఇస్తే, ఇచ్చిన తీరును బట్టి అది ఆ రోజు మన అర్ధరాత్రి 12 గంటలుగా రాసుకోవచ్చు. దాన్ని అంతర్జాతీయ ఫార్మాట్‌లో సర్వర్‌కు పంపితే ఆగస్టు 1, సాయంత్రం 6.30 అవుతుంది. సర్వర్ అందులో తేదీ మాత్రం తీసుకుందంటే పుట్టినరోజు ఒక రోజు వెనక్కి జరిగినట్టే. మా వాడి కేసు గుర్తుందా? హద్దు ఆగస్టు 2. ఆ ఒక్క రోజు జరిగితే అర్హుడు కాస్తా అనర్హుడైపోతాడు. అభ్యర్థి తప్పు లేదు, చట్టం తప్పు లేదు. ఒక లైన్ కోడ్. పుట్టిన తేదీకి గంటలూ నిమిషాలూ ఉండకూడదు. టెంపోరల్‌లో ‘ప్లెయిన్ డేట్’ అనే రకం, జావాలో ‘లోకల్ డేట్’, పైథాన్‌లో ‘డేట్’ ఉన్నది అందుకే.

క్యాలెండర్ ఒక్కటే కాదు

మనం ఉంటున్న ఈ గుండ్లపోచంపల్లి చుట్టుపక్కల వెంచర్ల పాత కాగితాలు ఎప్పుడైనా చూశారా? పహాణీల్లో ‘ఫసలీ’ అని కనిపిస్తుంది. తెలంగాణ జాగీర్ల రద్దు రెగ్యులేషన్ పేరులోనే 1358 ఫసలీ అని ఉంటుంది. సాధారణ శకంలో అది 1949లో వచ్చింది. ఇప్పటికీ రెవెన్యూ లెక్కల్లో ఫసలీ జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. 2025 జులైలో మొదలైంది 1435 ఫసలీ. పైథాన్ స్టాండర్డ్ లైబ్రరీకి ఈ సంగతి తెలియదు. దానికి తెలిసింది గ్రెగోరియన్ క్యాలెండర్, 1 నుంచి 9999 సంవత్సరం దాకా.

1957 మార్చి 22 నుంచి మనకు జాతీయ క్యాలెండర్‌గా ఉన్న శక సంవత్సరాన్ని టెంపోరల్‌లో వాడుకునే వీలుంది. కానీ అధిక మాసాలతో నడిచే మన తెలుగు పంచాంగం ఈ లైబ్రరీలలో లేదు. భూమి రికార్డులు, పండగల తేదీలు, వడ్డీ లెక్కలు... మన దగ్గర తేదీలతో చేయాల్సిన పని చాలా ఉంది. ప్రాజెక్టుకు టాపిక్ దొరకడం లేదని తిరిగే ఫైనలియర్ వాళ్లు ఈ వైపు ఒకసారి చూడొచ్చు.

అసలు తేదీలకూ మన తెలుగువాళ్ల ఉద్యోగాలకూ పాత బంధమే ఉంది. సంవత్సరానికి రెండు అంకెలే దాచుకున్న పాత కంప్యూటర్లు 2000ను 1900 అనుకుంటాయన్న భయమే ‘వై2కే’. 90ల చివర్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని ఆ పని మీద అమెరికా వెళ్లినవాళ్లు మీ బంధువుల్లోనే ఎవరో ఒకరు ఉంటారు. సైబర్ టవర్స్ ప్రారంభమైంది కూడా ఆ రోజుల్లోనే, 1998 నవంబర్లో. తేదీ లెక్కలో ఒక పొరపాటు మన ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టింది.

ఇంటర్వ్యూలో అడిగితే...

‘పుట్టిన తేదీ ఇస్తాను, వయసు చెప్పే ఫంక్షన్ రాయండి’ అనేది చూడ్డానికి చాలా తేలికైన ప్రశ్న. ఆ తేలిక చూసే చాలామంది వెంటనే కీబోర్డు మీద చేయి వేస్తారు. మీరు ఆగి ఈ ప్రశ్నలు అడగండి.

1. కటాఫ్ రోజును కలిపి లెక్కించాలా, వదిలేయాలా? ‘నిండడం’ అంటే పుట్టినరోజు నాడా, ముందు రోజు రాత్రికా?

2. ఫిబ్రవరి 29న పుట్టినవాళ్ల సంగతేంటి? 2004 ఫిబ్రవరి 29కి జావాలో 18 ఏళ్లు కలిపితే 2022 ఫిబ్రవరి 28 వస్తుంది. కానీ ఆ రెండు తేదీల మధ్య ఎన్నేళ్లని అదే జావాను అడిగితే 17 అంటుంది! కూడిక ఒకటి చెబితే తీసివేత ఇంకోటి చెబుతుంది. ఇది తెలిసినవాళ్లు తక్కువ. చెప్పగలిగితే ఎదుటివాళ్లు మీ వైపు ఇంకోలా చూస్తారు.

3. ‘ఈ రోజు’ అంటే ఎవరి ఈ రోజు? సర్వర్ ఉన్న ఊరిదా, యూజర్ ఉన్న ఊరిదా?

4. నెలలు కలిపేటప్పుడు లేని తేదీ వస్తే పొర్లించాలా, కుదించాలా, ఎర్రర్ ఇవ్వాలా?

ఆ తర్వాత టెస్టులు రాయండి. జనవరి 31, ఫిబ్రవరి 28, ఫిబ్రవరి 29, మార్చి 1, డిసెంబరు 31, పుట్టినరోజు, దాని ముందు రోజు. ఈ ఏడు తేదీలు చాలు, తేదీ కోడ్‌లో తప్పులు చాలావరకు బయటపడతాయి.

ఏఐ టూల్‌తో రాయిస్తానంటారా? రాయించండి. క్షణంలో రాసిస్తుంది. కానీ పై నాలుగు ప్రశ్నలకు జవాబు మీ క్లయింట్ దగ్గరో, నోటిఫికేషన్‌లోనో, చట్టంలోనో ఉంటుంది. అడిగి తెలుసుకునే పని మీదే. నా మటుకు నాకు, ఫ్రెషర్‌కు కంపెనీలో విలువ పెరిగేది అక్కడే.

ఫారం నింపేవాళ్లకు ఒక మాట

ఏ క్యాలిక్యులేటర్‌నూ ఆఖరి మాటగా తీసుకోకండి. నోటిఫికేషన్ పీడీఎఫ్‌లో ‘ఫలానా తేదీ కంటే ముందు పుట్టి ఉండకూడదు’ అనే వాక్యం ఉందేమో వెతకండి. ఉంటే అదే మీకు చట్టం. లేకుండా ‘ఇన్నేళ్లు నిండకూడదు’ అని మాత్రమే ఉండి, మీరు ఒక్క రోజు తేడాలో ఉంటే 1986 తీర్పు గుర్తుంచుకుని, గడువు ఉండగానే కమిషన్ హెల్ప్‌డెస్క్‌కు రాసి జవాబు దగ్గర పెట్టుకోండి. పదో తరగతి మెమోలో ఉన్న తేదీనే వాడండి. ఫారం సమర్పించాక ప్రింట్ తీసి, పుట్టిన తేదీ ఒక రోజు వెనక్కి జరగలేదు కదా అని ఒక్కసారి చూసుకోండి. సడలింపు మూడేళ్లయినా ఐదేళ్లయినా హద్దు తేదీ మారుతుంది కానీ ఈ ఒక్క రోజు సమస్య అక్కడా ఉంటుంది.

మా వాడు ఆ రాత్రే దరఖాస్తు చేశాడు. పరీక్ష రాశాడు. ఫలితం తన చదువు చేతిలో ఉంది, అది వేరే కథ. కానీ ఎవరో ముక్కూమొహం తెలియని ప్రోగ్రామర్ రెండు చివరలూ కలిపి లెక్కపెట్టినందుకు తన అవకాశం తనే వదులుకునేవాడు. అది మాత్రం జరగలేదు.

రేపు ఆ ప్రోగ్రామర్ మీరే కావచ్చు. మీరు రాసే ఆ ఒక్క లైన్ అవతల, గీత మీద నిలబడి ఒక మనిషి ఉంటాడని గుర్తుపెట్టుకోండి.